పాత ఆట, కొత్త యంత్రం: అనుకరణలో అసలెంత?

గత వేసవి సెలవులలో మా ఇంటికి కొరియర్‌లో ఒక చిన్న పెట్టె వచ్చినది. అందులో అగ్గిపెట్టె కంటె కొంచెం పెద్దదైన పరికరము ఒకటి, తీగలు లేని రిమోట్లు రెండు. దానిని టీవీ వెనుక గుచ్చి మీట నొక్కగానే వేలకొద్దీ ఆటల జాబితా తెరపై ప్రత్యక్షమైనది. తొమ్మిదవ తరగతి చదువుతున్న మా అబ్బాయి అందులో మారియోను వెదికి తీసి, "నాన్నా, నువ్వు చిన్నప్పుడు ఆడింది ఇదేనా?" అని అడిగాడు.

చూశాను. అదే టోపీ, అదే మీసము, అవే ఇటుకలు. రిమోటు చేతికి తీసుకుని రెండు నిమిషాలు ఆడాను. దూకవలసిన చోట మీట నొక్కినా, బొమ్మ ఒక క్షణం ఆలస్యంగా దూకి గోతిలో పడుతున్నది. పాట మాత్రం నాకు గుర్తున్న దానికంటె తొందరపడుతున్నది. "ఇదే, అయినా ఇది కాదు" అన్నాను. వయసు మీద పడి చేతులు మందగించాయని ఇంట్లో అందరూ నవ్వుకున్నారు. నాకు మాత్రం అనుమానం తీరలేదు. విచారించగా తేలినది ఏమంటే, నా చేతులు గాని, చెవులు గాని అబద్ధం చెప్పలేదు.

ఇది ఒక ఇంటి ముచ్చటే అయితే ఈ పుటలో వ్రాయవలసిన పని లేదు. పాత వీడియో గేములను కొత్త యంత్రాలపై ఆడించే వ్యవహారము కొన్నేళ్లుగా ప్రపంచమంతటా చర్చకు వస్తున్నది. 2024 ఏప్రిల్‌లో ఆపిల్ సంస్థ తన ఫోన్లలో ఇటువంటి ప్రోగ్రాములను తొలిసారిగా అనుమతించినది. అంతకు నెల ముందే, నింటెండో సంస్థ వేసిన దావాలో "యుజు" అనే ప్రోగ్రాము నిర్మాతలు 24 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుని దుకాణం కట్టేశారు. ఒక తలుపు తెరుచుకుంటుంటే మరొకటి మూసుకుంటున్నది. చింతామణి, చిక్కబళ్లాపురం వంటి పట్టణాల పిల్లల చేతులలోకి కూడ ఈ ఆటలు చేరుతున్న ఈ సమయంలో, వాటిలో అసలెంత, నకలెంత అని తల్లిదండ్రులు తెలుసుకోవడం అవసరము.

దుబాసి పని

ఒక యంత్రము కోసం వ్రాసిన ప్రోగ్రామును వేరొక యంత్రము నేరుగా చదవలేదు. మధ్యన ఒక దుబాసి కావాలి. పాత యంత్రము చెప్పే ప్రతి మాటనూ కొత్త యంత్రానికి అర్థమయ్యేటట్లు అప్పటికప్పుడు చెప్పే ప్రోగ్రామునే ఎమ్యులేటర్ అంటారు. మన తాలూకు కచేరిలో కన్నడ అర్జీని తెలుగువానికి చదివి చెప్పే పెద్దమనిషి పని వంటిదే ఇది.

దుబాసి ఎంత నమ్మకస్తుడు అన్నదే ఇక్కడి ప్రశ్న. మన సరిహద్దు పల్లెలలో ఎందరో తెలుగు పాటలను, తత్త్వాలను కన్నడ లిపిలో వ్రాసుకుని పాడుకుంటారు. రెండు లిపులూ అక్కచెల్లెళ్లు కనుక అక్షరానికి అక్షరం సరిపోతుంది. అయితే "చాలు" అన్న మాటను కన్నడ లిపిలో వ్రాసి, తెలుగు ఎన్నడూ వినని ఒక కన్నడ విద్యార్థి చేత చదివించండి. "చెలి" అన్నప్పటి చకారమునే పలుకుతాడు గాని, మనం పళ్ల వద్ద నుండి పలికే చకారము అతని నోట రాదు. వ్రాతలో తప్పు లేదు. కాగితానికి ఎక్కని సంగతి ఒకటి ఉన్నది, అది విన్నవానికే తెలుసును. పాత యంత్రాలలో కూడ ఇటువంటి "కాగితానికి ఎక్కని సంగతులు" కోకొల్లలుగా ఉన్నాయి. ఎమ్యులేటర్ ఖచ్చితత్వము అంటే వాటిని కూడ పట్టుకోవడమే.

గడియారం మీద నడిచే ఆట

నింటెండో వారు 1983 జూలై 15న జపానులో "ఫ్యామికామ్" అనే ఆటల యంత్రమును విడుదల చేశారు. అమెరికాలో అది 1985లో వేరే పేరుతో వచ్చినది. దాని మెదడు సెకనుకు సుమారు 17 లక్షల 90 వేల సార్లు కొట్టుకునే చిన్న చిప్పు. పని చేయడానికి దానికున్న జ్ఞాపకశక్తి 2 కిలోబైట్లు మాత్రమే. నేడు ఫోనుతో తీసిన ఒక్క ఫోటో దానికి వందల రెట్లు పెద్దది. చిత్రము గీసే పని మరొక చిప్పుది. మెదడు ఒక్కసారి కొట్టుకునే లోపల అది మూడు చుక్కలు గీస్తుంది. ఈ రెండూ జోడెద్దుల వలె అడుగులో అడుగు వేసి నడవాలి.

అప్పటి ప్రోగ్రాము నిపుణులు ఈ నడకనే ఆధారం చేసుకుని చమత్కారాలు చేశారు. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ ఆటలో నేల, చెట్లు, మేఘాలు వెనుకకు జరుగుతుంటాయి గాని, పైన మార్కులు చూపే వరుస కదలదు. తెరను రెండుగా విడగొట్టే సదుపాయము ఆ యంత్రంలో లేదు. కనుక వారు పై వరుసలోని నాణెం బొమ్మ వద్ద ఒక గుర్తు దాచి ఉంచారు. చిత్రము గీసే చిప్పు ఆ చోటికి రాగానే ఒక సంకేతం పుడుతుంది. దాని కోసమే కాచుకుని ఉన్న ప్రోగ్రాము, "ఇక్కడి నుండి క్రింది భాగమును జరుపు" అని ఆజ్ఞ ఇస్తుంది. ఇదంతా ఒక ఫ్రేములో, అంటే సెకనులో 60వ వంతులో, ప్రతిసారీ జరగాలి.

ఎమ్యులేటర్ ఆ సంకేతమును కొద్దిగా ముందో వెనుకో ఇస్తే పై వరుస వణుకుతుంది. అసలు ఇవ్వకపోతే ఆట అక్కడనే నిలిచిపోతుంది. "ఇంత పాత ఆట, ఇంత పెద్ద కంప్యూటరుకు ఒక లెక్కా?" అనుకునేవారికి ఇదే సమాధానము. కావలసినది బలము కాదు, లయ.

"సుమారు"తో వచ్చిన చిక్కు

1990లో వచ్చిన నింటెండో తరువాతి యంత్రము "సూపర్ ఫ్యామికామ్" కథ మరింత బోధకరము. 1997లో దాని కోసం "జెడ్‌స్నెస్" అనే ఎమ్యులేటర్ వచ్చినది. నాటి సాధారణ కంప్యూటర్లపై కూడ అది పరుగెత్తినది. అందుకోసం దాని నిర్మాతలు అనేక చోట్ల సుమారు లెక్కలతో సరిపెట్టుకున్నారు. ఆనాటి కంప్యూటర్లకు అంతకు మించి శక్తి లేదు కనుక వారిని తప్పు పట్టలేము.

చిక్కు తరువాత వచ్చినది. జపాను ఆటలను అభిమానులు ఇంగ్లీషులోకి మార్చి, వాటిని ఆ ఎమ్యులేటర్‌పైననే పరీక్షించి పంచిపెట్టారు. అక్కడ అవి చక్కగా నడిచాయి. అసలు యంత్రంలో పెడితే కొన్ని నడవలేదు. నకలునే కొలబద్దగా పెట్టుకున్నందువలన అసలే తప్పు అన్నట్లు తయారైనది పరిస్థితి. తప్పు తూకం రాళ్లతో సంత నడిస్తే, సరైన రాయి తెచ్చినవాడే దొంగలా కనిపిస్తాడు కదా!

దీనిని సరిదిద్దడానికి "బ్యూ" అనే కలం పేరు గల ఒక ప్రోగ్రామరు 2004లో "బీస్నెస్" అనే ఎమ్యులేటర్‌ను ఆరంభించారు. ఆటకొక మినహాయింపు చొప్పున అతుకులు వేయక, అసలు యంత్రము చేసే ప్రతి పనినీ ఉన్నది ఉన్నట్లు చేయించడమే వారు పెట్టుకున్న నియమము. ఫలితంగా, అసలు యంత్రం కొన్ని మెగాహెర్ట్జ్ వేగంతో చేసిన పనికి 3 గిగాహెర్ట్జ్ కంప్యూటరు కావలసివచ్చినదని 2011లో వారే ఒక వ్యాసంలో వివరించారు. కొన్ని కేసెట్లలో ప్రత్యేకమైన చిప్పులు ఉండేవి. స్వచ్ఛంద కార్యకర్తలు చందాలు వేసుకుని, ఆ చిప్పుల పైపొరను ఆమ్లంతో కరిగించి, సూక్ష్మదర్శిని క్రింద పెట్టి, లోపల దాగిన ప్రోగ్రామును చదివించారు. శాసనం చదివే పండితుడు రాతిపై నాచును గీకి అక్షరం పట్టుకున్నంత ఓపిక అది. అయితే ఈ పని చేయించినది ప్రభుత్వమూ కాదు, ఆ ఆటలను అమ్మిన సంస్థలూ కావు.

మనం ఆడినదే నకలు

ఇక మా ఇంటి అనుమానానికి వద్దాము. మన దేశంలో ఫ్యామికామ్ జాతి యంత్రము "సమురాయ్" అనే పేరుతో అమ్మకానికి వచ్చినది. అయితే 1990 దశకంలో మధ్యతరగతి ఇండ్లకు చేరినవి చాలావరకు అవి కావు. "మీడియా", "లిటిల్ మాస్టర్" వంటి పేర్లతో వచ్చిన నకలు యంత్రాలు. చింతామణిలో గంటకింత అని డబ్బు పుచ్చుకుని ఆడించే అంగడిలో నేను మొదటిసారి చూసినది అటువంటిదే. కేసెట్టుపై "9999 ఆటలు" అని ఉండేది. లెక్కపెడితే పదో ఇరవయ్యో తేలేవి, మిగిలినవన్నీ అవే మళ్లీ మళ్లీ. కేసెట్టును నోటితో ఊది గుచ్చడము, కరెంటు పోతే ఆట మొదటికి రావడము మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది.

జపాను, అమెరికా టీవీలు సెకనుకు 60 సార్లు చిత్రము గీసేవి. దూరదర్శన్ అనుసరించిన పాల్ పద్ధతిలో మన టీవీలు 50 సార్లు గీసేవి. కనుక మన వంటి దేశాలకు తయారైన నకలు యంత్రాలు సెకనుకు 50 ఫ్రేములే ఇచ్చేవి. ఐరోపాకు అధికారికంగా పంపిన కొన్ని ఆటలను ఆ వేగానికి తగినట్లు సవరించారు. నకలు కేసెట్లకు ఆ సవరణ ఎవరు చేస్తారు? సెకనుకు 60 ఫ్రేముల లెక్కన వ్రాసిన ఆటనే 50 ఫ్రేములతో నడిపించారు. ఒక నిమిషంలో ముగియవలసిన ఘట్టము 72 సెకన్లు సాగేది. పాట కూడ అదే నిష్పత్తిలో నెమ్మదించేది.

నేడు ఫోనులో గాని, గుచ్చే పరికరంలో గాని ఆడుతున్నది 60 ఫ్రేముల ఆట. జపాను పిల్లవానికి అది అసలు. చింతామణి పిల్లవానికి మాత్రం అది పరాయిది. నా చెవికి పాట తొందరపడినట్లు తోచినది అందుకే.

ఇక్కడ ఒక సూక్ష్మమైన ప్రశ్న పుడుతున్నది. ఖచ్చితత్వము అంటే దేనికి ఖచ్చితము? తయారు చేసినవారి యంత్రానికా, ఆడినవారి యంత్రానికా? రష్యాలో కూడ మన వలెనే నకలు యంత్రమే ఇంటింటా వెలసినది. 1992లో వచ్చిన దాని పేరు "డెండీ". ఆ దేశపు అభిమానులు తమ యంత్రపు చిప్పులను కొలిచి, గడియార వేగాలను లెక్కగట్టి, వివరాలను ప్రపంచం ముందు ఉంచారు. నేడు "మెసెన్" వంటి మేలైన ఎమ్యులేటర్లలో జపాను, అమెరికా, ఐరోపా పద్ధతులతోపాటు "డెండీ" అనే ఎంపిక కూడ ఉన్నది. మా అబ్బాయి కంప్యూటరులో దానిని ఎంచి పాట వినిపించగానే, "ఆ, ఇదే!" అని నా నోట అప్రయత్నంగా వెలువడినది. మన బాల్యము రష్యా పేరుతో దొరికినందుకు సంతోషించాలో, మన పేరుతో దొరకనందుకు సిగ్గుపడాలో తేల్చుకోలేకపోయాను. కోట్ల జనాభా గల దేశము ఆడిన యంత్రాలను కొలిచి, వ్రాసి పెట్టే శ్రద్ధ మనకు ఎందుకు లేకపోయినది?

తెర మారితే తుపాకి పేలదు

ఎంత నమ్మకమైన దుబాసి ఉన్నా, తీరని లోటు మరొకటి ఉన్నది. బాతులను తుపాకితో కొట్టే ఆట చాలామందికి జ్ఞాపకమే. పాత తుపాకిని దాచుకున్నవారు దానిని నేటి పలుచని టీవీకి గురిపెట్టి చూడండి. ఒక్క బాతూ పడదు. నిజానికి ఆ తుపాకి నుండి ఏదీ వెలువడదు. దాని కొనలో వెలుతురును గుర్తించే కన్ను ఉన్నది. మీట నొక్కగానే తెర ఒక్క ఫ్రేము నల్లబడి, తరువాత బాతు ఉన్న చోట తెల్లని చతురస్రం మెరుస్తుంది. పిక్చర్ ట్యూబు గల పాత పెట్టె టీవీ ఆ మెరుపును ఎదురుచూపు లేకుండా, గీత వెంట గీతగా గీసేది. నేటి టీవీ చిత్రమును తీసుకుని, మెరుగులు దిద్ది, ఆ తరువాత చూపుతుంది. వెలుతురు వచ్చేసరికి తుపాకి చూడవలసిన క్షణము దాటిపోతుంది. గీతలు గీసే పాత లయ కూడ కొత్త తెరలో లేదు.

మారియో గోతిలో పడడానికి కూడ ఈ ఆలస్యమే ప్రధాన కారణము. ఒక్క ఫ్రేము అంటే సుమారు 17 మిల్లీసెకన్లు. తీగ లేని రిమోటు కొంత, ఎమ్యులేటర్ కొంత, టీవీ మెరుగులు కొంత, అన్నీ కలిసి కొన్ని ఫ్రేములు అవుతాయి. పెద్దలకు అది "ఏదో తేడా"గా తోస్తుంది. పిల్లలు మాత్రం ఆటనే కష్టమైనదని అనుకుని తమను తాము నిందించుకుంటారు. చాలా కొత్త టీవీలలో "గేమ్ మోడ్" అనే ఎంపిక ఉన్నది. దానిని ఎంచితే మెరుగులు తగ్గి ఆలస్యము చాలావరకు తీరుతుంది. ఖర్చు లేని ఈ మందు మా ఇంట్లో పని చేసినది.

చట్టం ఏమంటున్నది?

ఎమ్యులేటర్ తయారు చేయడమే నేరమని కొందరి అపోహ. అమెరికాలో 2000లో సోనీ, కనెక్టిక్స్ సంస్థల నడుమ నడిచిన వ్యాజ్యంలో, ఎమ్యులేటర్ తయారీకై అసలు యంత్రపు ప్రోగ్రామును విప్పి పరిశీలించడం న్యాయమైన వినియోగమేనని అప్పీలు న్యాయస్థానము తీర్పు ఇచ్చినది. మన కాపీరైటు చట్టము, 1957లోని 52వ సెక్షను కూడ, సక్రమంగా సంపాదించిన ప్రోగ్రాము పాడైపోతే పనికివచ్చేటట్లు కాపీ తీసుకోవడాన్ని, అది పని చేసే తీరును గమనించి అధ్యయనం చేయడాన్ని అనుమతిస్తున్నది. కాని ఇతరుల ఆటలను అనుమతి లేకుండా కాపీ చేసి అమ్మడము వేరే సంగతి. వేల ఆటలు నింపి అమ్మే పరికరాలలో మనం చూస్తున్నది అదే. మా ఇంటికి వచ్చిన పెట్టెపై హక్కుదారుల అనుమతి మాట ఎక్కడా లేదు.

అట్లని హక్కుదారులు ఆ ఆటలన్నింటినీ అమ్ముతున్నారా అంటే, అదీ లేదు. అమెరికాలో విడుదలైన పాత ఆటలలో 87 శాతం నేడు విపణిలో దొరకడం లేదని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023 జూలైలో ప్రకటించినది. గ్రంథాలయాలు పరిశోధకులకు వాటిని దూరం నుండి చూపేందుకు వెసులుబాటు కోరగా, 2024 అక్టోబరులో అమెరికా కాపీరైటు కార్యాలయము నిరాకరించినది. అమ్మరు, చూపనివ్వరు, నిలబెట్టేవానికి జీతము లేదు. ఇటువంటి స్థితిలో ఖచ్చితమైన ఎమ్యులేటర్ వినోద సాధనము మాత్రమే కాదు, ఒక విధమైన గ్రంథ భద్రత.

ఆటలతో ఆగేది కాదు

"పిల్లల ఆటకు ఇంత వ్యాఖ్యానమా?" అని పాఠకులు అడగవచ్చు. యూనికోడ్ వాడుకలోకి రాకముందు మనవారు రకరకాల ఫాంట్లలో తెలుగును, కన్నడమును టైపు చేసి దాచుకున్నారు. పెండ్లి పత్రికలు, బడి నివేదికలు, భజన పాటలు, కవుల పుస్తకాలు అందులో ఉన్నాయి. ఆ ఫైళ్లను నేటి కంప్యూటరులో తెరిస్తే అర్థంలేని గుర్తులు కనిపిస్తున్నాయి. మార్చే ప్రోగ్రాములు ఉన్నా, ఒత్తులు ఎగిరిపోయి, సున్నాలు తారుమారై "సుమారు తెలుగు" వస్తున్నది. ఇది జెడ్‌స్నెస్ కథయే. కర్ణాటకలో 2000 ప్రాంతంలో "భూమి" పథకము ద్వారా మన పహణీలు కంప్యూటరులోకి ఎక్కాయి. యంత్రాలు తరాలు మారుతూనే ఉంటాయి. ఆటలో మారియో ఒక అడుగు తప్పితే మళ్లీ ఆడుకోవచ్చును. పహణీలో ఒక అంకె తప్పితే రైతు కచేరి మెట్లు ఎక్కవలసివస్తుంది. పాత యంత్రము వ్రాసినదానిని కొత్త యంత్రము తు.చ. తప్పక చదివినదో లేదో పరీక్షించే విద్య ఎంత విలువైనదో వేరుగా చెప్పనక్కరలేదు. ఆటల అభిమానులు ఆ విద్యను డబ్బు ఆశించకుండా నేర్చి చూపారు.

మనం చేయగలిగినది

మొదటిది, పెట్టెపై ఎన్ని వేల ఆటలు వ్రాసి ఉన్నదన్న దానిని బట్టి కొనవద్దు. మన కాలపు 9999 కేసెట్టు ఆ పాఠము ఎప్పుడో నేర్పినది. రెండవది, ఇంట్లో అటకపై పాత యంత్రము, కేసెట్లు, పెట్టె టీవీ ఉంటే పాత ఇనుము వానికి తూకానికి వేయవద్దు. పని చేయకపోయినా, లోపలి చిప్పుపై ఉన్న అంకెలు కొలిచేవారికి పనికివస్తాయి. మూడవది, మన ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులకు ఇది చక్కని ప్రాజెక్టు. మన నకలు యంత్రాల వేగాలను, రంగులను, ధ్వనులను కొలిచి వ్రాసి పెడితే, రేపటి ఎమ్యులేటర్‌లో డెండీ ప్రక్కన మన పేరు కూడ ఉంటుంది.

మా అబ్బాయి ఇప్పుడు రెండు వేగాలలోనూ ఆడుతున్నాడు. 60లో అతడు గెలుస్తాడు, 50లో నేను గెలుస్తాను. నిన్న రాత్రి పెట్టె టీవీని అటక మీది నుండి దింపుదామని అతడే అడిగాడు. బాతుల తుపాకి ఇంకా ఉన్నదట, వాళ్ల అవ్వ ట్రంకు పెట్టెలో దాచినదట. వచ్చే ఆదివారము దింపుతాము.